మెట్లెక్కితే నొచ్చే పన్ను

మా వదిన ఇక లేదన్న మాట నాకు తరగతి గుమ్మంలో తెలిసింది. సూర్యాపేటలో నేను పనిచేసే బడిలో అప్పుడు రెండో పీరియడు నడుస్తున్నది. పిల్లలు నోట్సు రాసుకుంటున్నారు. గుమ్మంలో నీడ పడితే తలెత్తి చూశాను. మిర్యాలగూడలో మా అన్న రైస్‌మిల్లు గుమాస్తా నిలబడి ఉన్నాడు. భుజం మీది తువ్వాలు తీసి చేతిలో నలుపుతున్నాడు.

అతన్ని అక్కడ చూడగానే, తొమ్మిదేళ్లుగా రాకూడదని నేను మొక్కుకుంటున్న కబురు వచ్చేసిందనుకున్నాను.

"అన్నకేమైంది?" అన్నాను.

"సేట్‌కు ఏం కాలేదు సార్. మంచిగనే ఉన్నరు." అతను తల వంచుకున్నాడు. "వదినమ్మ సార్. పొద్దుగాల్ల వదినమ్మ పోయింది."

నేను "ఎవరి వదిన?" అని అడిగానట. నాకు గుర్తు లేదు, బస్సులో గుమాస్తా చెప్పాడు. అంత మొద్దు ప్రశ్న నా నోటినుంచి ఎందుకు వచ్చిందో ఇప్పుడు తెలుస్తున్నది. మా ఇంట్లో చావంటూ వస్తే అన్నకే వస్తుందని మేమంతా మనసులో నిర్ణయించుకొని కూర్చున్నాం. తొమ్మిదేళ్లు ఇల్లంతా ఆయన గుండె మీదే చెవి పెట్టుకొని బతికింది. ఆయనను బతికించుకొచ్చిన మనిషికి కూడా ఒక గుండె ఉందని, అదీ నొస్తుందని మాలో ఒక్కరికీ తోచలేదు. చదువుకున్నవాణ్ణి, ఏటా పిల్లలకు రక్తప్రసరణ పాఠం చెప్పేవాణ్ణి, నాకు కూడా.

ఇది చదివేవాళ్లకు ఆమె ఎవరో తెలియదు. తెలియాల్సినంత పెద్ద మనిషి కూడా కాదు. కానీ మీ ఇంట్లోనూ ఇట్లాంటి మనిషి ఉండే ఉంటుంది. అందుకే రాస్తున్నాను.

రాష్ట్రాలు కలిసిన ఏడాది ఆమె కోదాడ నుంచి మా ఇంటికి కోడలిగా వచ్చింది. నేనప్పుడు పై చదువుకు పోవాలా, మిల్లులో కూర్చోవాలా అన్న గుంజాటనలో ఉన్నాను. కోదాడ దాటితే ఆంధ్రే కదా, ఆమె మాటలో ఆ వాసన ఉండేది. "ఉంటుంది", "వెళ్తుంది" అని ఆమె అంటుంటే మా అమ్మ పక్కింటివాళ్లతో, "మా కోడలు పుస్తకం సదివినట్టు మాట్లాడతది" అని నవ్వేది. నిజంగానే ఆమె పుస్తకం చదివే మనిషి. అయిదో తరగతితో చదువు ఆపేశారు గానీ, కొట్టునుంచి వచ్చిన పొట్లం విప్పితే ఆ కాగితం కూడా చదివి గాని పారేసేది కాదు. నేను పాత వారపత్రికలు తెచ్చిస్తే వంటింటి అటక మీద దాచుకునేది. నేను మిల్లులో కూర్చోనని, పంతులు ఉద్యోగం చేస్తానని ఇంట్లో చెప్పినప్పుడు అందరూ మొహం ముడుచుకున్నారు. ఆమె ఒక్కతే నాకు అన్నం వడ్డిస్తూ మెల్లగా, "మంచి పని చేస్తున్నావు పంతులూ" అంది. ఆ రోజు నుంచి నన్ను అట్లాగే పిలిచింది. ఉద్యోగం ఆ తర్వాత రెండేళ్లకు గాని రాలేదు.

మాది మాంసం ముట్టని ఇల్లు. ఆ లోటంతా నెయ్యితో తీర్చుకునేవాళ్లం. పప్పులో నెయ్యి, పచ్చడిలో నెయ్యి, అన్నం మధ్యలో గుంట చేసి అందులో నెయ్యి. పండుగైనా చుట్టమొచ్చినా వనస్పతి డబ్బా మూత లేచేది. గారెలు, బూరెలు, అరిసెలు, కారప్పూస. మా అన్న తిండి మనిషి. మిల్లులో గద్దె మీద కూర్చొని బేరాలు చెయ్యడం, సిగరెట్టు మీద సిగరెట్టు ముట్టించడం, ఇంటికొచ్చి నిండుగా తినడం, ఇదే ఆయన దినచర్య. సాగర్ ఎడమ కాలువ నీళ్లు వచ్చాక త్రిపురారం వైపు పొలాలన్నీ వరి అయ్యాయి. వడ్ల బండ్లు మా మిల్లు ముందు బారులు తీరాయి. బేరం పెరిగిన కొద్దీ ఆయన నడుము చుట్టూ పంచె కురచయింది. అందరూ "సేట్ మంచిగ ఒళ్లు చేసిండు" అని మెచ్చుకునేవాళ్లు.

మా నాయిన యాభై నిండకముందే పోయాడు. అదే గద్దె మీద, కూర్చున్నవాడు కూర్చున్నట్టే పక్కకు ఒరిగిపోయాడు. "పుణ్యాత్ముడు, మంచాన పడకుండా పోయిండు" అని ఊరంతా అన్నది. మేమూ అట్లాగే అనుకున్నాం. ఒక్క వదినే అప్పట్లో నన్ను, "అంత దిట్టంగా ఉన్న మనిషి ఊరికే ఎట్లా పోతాడు పంతులూ?" అని అడిగింది. నేనేదో చెప్పి తప్పించుకున్నాను.

అన్నకు నలభై నాలుగో ఏట వడ్ల సీజనులో ఛాతీ పట్టేసింది. బస్తాలు దించుతున్న హమాలీలే ఆయనను ఎత్తి జీపులో వేశారు. మిర్యాలగూడ దవాఖానలో సూది వేసి పట్నం తీసుకుపొమ్మన్నారు. హైదరాబాదులో మూడు వారాలున్నాం. పదో రోజు డాక్టరు మమ్మల్ని పిలిచి కూర్చోబెట్టాడు. నేను, మా చిన్నాన్న, ఇద్దరు వ్యాపారస్తులు. రక్తపరీక్ష కాగితం చేతిలో పట్టుకొని, "కొలెస్టరాల్ చాలా ఎక్కువగా ఉంది" అన్నాడు. మేం తలలూపాం. ఆ మాట వినడం మాలో అందరికీ కొత్త అని అతనికి అర్థమయ్యే ఉంటుంది. మందులు చెప్పి లేవబోతుంటే తలుపు పక్కన నిలబడిన వదిన కొంగు భుజం మీదికి లాక్కొని లోపలికి వచ్చింది.

"డాక్టరుగారూ, ఒక మాట. ఆ కొవ్వు మేము పెట్టిన తిండిలోంచే వచ్చిందా?"

చిన్నాన్న కసిరాడు. డాక్టరు ఆయనను ఆగమని మళ్లీ కూర్చున్నాడు.

"అంతా అట్లా కాదమ్మా. కొలెస్టరాల్‌ను మన ఒంట్లో కాలేయమే తయారుచేస్తుంది. అది విషం కాదు. అది లేకుండా ఒళ్లు నడవదు. కానీ అవసరానికి మించి రక్తంలో తిరిగితే రక్తనాళాల గోడలకు పట్టుకుంటుంది. ఏళ్ల తరబడి పట్టుకుంటూ పోతే దారి సన్నబడుతుంది. గుండెకు రక్తం చాలదు."

"కాలువలో పూడిక లాగానా?"

"దాదాపు. అయితే పూడిక తీసినట్టు దీన్ని పార పెట్టి తియ్యలేం. ఇంకా చేరకుండా చూసుకోవడమే. నెయ్యి, వెన్న, మీగడ, వనస్పతి ఎక్కువైతే ఒళ్లు దాన్ని ఎక్కువ చేస్తుంది. సిగరెట్టు తాగడం, కూర్చున్నచోటే కూర్చోవడం దానికి తోడు. కొన్ని వంశాల్లో పుట్టుకతోనే ఉంటుంది. మీ మామగారు ఎట్లా పోయారు?"

వదిన చెప్పింది. డాక్టరు కాగితం మీద రాసుకున్నాడు. ఆమె ఇంకా అడిగింది. పప్పు పెట్టొచ్చా, వేరుశనగ నూనె వాడొచ్చా, జొన్నరొట్టె మంచిదా, మెంతులు నానబెట్టి ఇస్తే ఏమైనా నష్టమా, రోజుకు ఎంత నడవాలి. ఓపికగా చెప్పాడు. పప్పులు, ఆకుకూరలు, కూరగాయలు, పొట్టు తియ్యని ధాన్యం. నూనెల్లో కుసుమ నూనె మేలు, అదీ కొలతగా. మెంతుల సంగతి తాను గట్టిగా చెప్పలేననీ తింటే నష్టం లేదనీ అన్నాడు. "కానీ పసర్లతో కరిగిస్తామనే వాళ్ల మాట నమ్మి నా మందు మాన్పించకండి" అన్నాడు. చివరకు నవ్వి, "ఇంతమంది వచ్చారు గానీ అన్నం గురించి అడిగింది మీరొక్కరే" అన్నాడు.

ఆ రోజు డాక్టరు మా నాయిన సంగతి అడిగినట్టు వదినను, "మీ పుట్టింట్లో ఎవరెట్లా పోయారమ్మా?" అని అడగలేదు. అడగాల్సిన పని ఆయనకు లేదు, రోగి ఆమె కాదు. మేం అడగకపోవడానికి మాత్రం నాకు సాకు దొరకడం లేదు. వాళ్లమ్మ కోదాడలో ఆయాసంతో పోయింది. వాళ్ల అక్క నలభై దాటకుండానే పోయింది. ఈ రెండూ మా అందరికీ తెలుసు. చావుకు వెళ్లి వచ్చాం కూడా.

ఇంటికొచ్చాక ఆమె చేసిన మొదటి పని వనస్పతి డబ్బా బయట పెట్టడం. తర్వాత మిల్లుకు కబురు పెట్టింది, ఇంటి బియ్యానికి పాలిష్ వద్దని. "తెల్లబియ్యం ఊరందరికీ, తవుడు బియ్యం మన సేట్‌కా?" అని హమాలీలు నవ్వుకున్నారు. కుసుమలు గానుగ ఆడించి ఆ నూనె సూర్యాపేట నుంచి నెలనెలా నేను తీసుకెళ్లేవాణ్ణి. జొన్నరొట్టె చెయ్యడం ఆమెకు రాదు. మా ఇంట్లో బట్టలుతికే ఆమె దగ్గర కూర్చొని నేర్చుకుంది. మొదటి వారం రొట్టెలన్నీ విరిగిపోయాయి.

దీనికి ఆమె పడ్డ మాటలు తక్కువ కావు. మా అమ్మ అన్నం ముందు కూర్చొని ఏడ్చేది. "మిల్లున్న ఇంట్ల నా కొడుకుకు జొన్నరొట్టె పెడుతున్నవ్. కడుపు మాడ్సి సంపుతవా ఏంది?" అనేది. చుట్టాలు పిసినారి అన్నారు. మఠంపల్లి నుంచి ఒక దూరపు బంధువు సీసాలో ఏదో కషాయం తెచ్చి, నలభై రోజులు తాగితే కొవ్వంతా నీరై పోతుంది, మందులు గిందులు వద్దన్నాడు. వదిన అతనికి భోజనం పెట్టి, చీర కొంగుతో సీసా తుడిచి గూట్లో పెట్టింది. అతను బస్సెక్కాక మోరీలో పారబోసింది.

అన్న మూడు నెలలు ఓర్చుకున్నాడు. ఒకరోజు నేనక్కడే ఉన్నాను. సొరకాయ కూర, పెసరపప్పు, మజ్జిగ పెట్టింది. ఆయన ఒక ముద్ద నోట్లో పెట్టుకొని కంచం ఎత్తి గోడకేసి కొట్టాడు.

"గిదేం తిండి? నేనేమన్న పసిపోరన్నా? గింత నెయ్యి ఏసుకొని తిని సస్త, నాకదే మంచిది!"

అన్న కూతురు భయపడి ఏడ్చింది. వదిన మెతుకులన్నీ ఏరింది. గోడ తుడిచింది. ఇంకో కంచంలో అదే అన్నం, అదే కూర పెట్టి తెచ్చి ఆయన ముందు కూర్చుంది.

"తిట్టండి. కొట్టండి. తిట్టడానికైనా మనిషి ఉండాలి కదా."

అన్న కంచం దగ్గరికి లాక్కున్నాడు. తిన్నాడు. మళ్లీ ఎప్పుడూ కంచం మీద కోపం చూపలేదు. సిగరెట్లు కూడా ఆ నెలలోనే మానేశాడు. మానిన నెల రోజులు ఆయన చిరాకంతా ఆమె మీదే తీర్చుకున్నాడు, అది వేరే సంగతి.

నడక సంగతి కూడా చెప్పాలి. డాక్టరు రోజూ నడవమన్నాడు. ఒక్కణ్ణే పోతే దారిలో ఎవరి అరుగు మీదో కూర్చుంటాడని ఆమెకు తెలుసు. అందుకని తానూ బయలుదేరింది. ఆ రోజుల్లో మా వీధిలో ఆడమనిషి మొగుడి పక్కన నడిచేది కాదు. పది అడుగుల వెనక నడిచేది. కాలువ గట్టు మీద పొద్దున్నే ఆయన ముందు, ఆమె వెనక. మొదట్లో ఊరు నవ్వింది. తర్వాత పొలాలకు పోయేవాళ్లు వాళ్లను చూసి పొద్దు ఎంతయిందో చెప్పుకునేవాళ్లు.

ఆరు నెలలకు రక్తం మళ్లీ పరీక్ష చేయిస్తే తగ్గింది. ఏడాదికి ఇంకా తగ్గింది. డాక్టరు అన్న భుజం తట్టాడు. వదిన ఆ కాగితాన్ని నాతో రెండుసార్లు చదివించుకుంది. బయటికి వచ్చాక దవాఖాన మెట్ల మీదే కూర్చొని కొంగు మొహానికి అడ్డం పెట్టుకొని ఏడ్చింది. ఆమె ఏడవగా నేను చూసింది ఆ ఒక్కసారే. ఆ ఏడుపులో కూడా, "అత్తయ్యకు చెప్పాలి, అత్తయ్యకు చెప్పాలి" అంటున్నది.

నేను ఎంతసేపూ అన్న కంచం గురించే రాస్తున్నాను, చూశారా. ఆమె కంచం గురించి నాకు తెలిసింది తక్కువ. ఎందుకంటే ఆమె తింటుండగా చూసింది తక్కువ. ఇంట్లో అన్నకొక వంట. మా అమ్మకు, పిల్లకు, వచ్చేపోయేవాళ్లకు పాత వంటే. అందరూ తిన్నాక ఏది మిగిలితే అది ఆమెది. నిన్నటి గారెలు, వేగి నల్లబడ్డ అప్పాలు, ఎవరూ తినని పూరీలు. ఒకసారి మధ్యాహ్నం మంచినీళ్లకు వంటింట్లోకి వెళితే ఆమె నేల మీద కూర్చొని, నెయ్యి కాచిన గిన్నెలో అడుగున అంటుకున్న దాంట్లో అన్నం కలుపుకొని తింటున్నది.

"అదేంది వదినా, డాక్టరు చెప్పింది అన్నకొక్కడికేనా?" అన్నాను.

"పారేస్తామా పంతులూ?" అంది. తర్వాత నవ్వింది. "ఆడవాళ్లకు గుండెజబ్బు ఎక్కడ విన్నావు? మా చాకిరీకే కరిగిపోతది."

అప్పటికి ఆమె మాటల్లో "ఉంటది", "పోతది" కలిసిపోయాయి. నేను ఆమెతో కలిసి నవ్వాను. నీళ్లు తాగి బయటికి వచ్చాను.

పోయిన ఏడాది, పెళ్లయిన చాలా ఏళ్లకు వచ్చిన నా భార్య కాన్పుకు సాయంగా ఆమె సూర్యాపేట వచ్చి నెలరోజులుంది. మేముండేది కిరాయి ఇల్లు, పైన డాబా. పొద్దున బట్టలు ఆరేసి రావడానికి ఆమె మెట్లెక్కేది. ఒకరోజు దిగి వచ్చి ఎడమ దవడ పట్టుకొని గడప మీద కూర్చుంది. పన్ను నొప్పి అంది. కాసేపటికి తగ్గింది. మర్నాడు మళ్లీ. లవంగ నూనె పెట్టాం. ఉప్పునీళ్లు పుక్కిలించింది. నాలుగైదు రోజులయ్యాక నేనే బలవంతం చేసి రిక్షా ఎక్కించి పళ్ల డాక్టరు దగ్గరికి తీసుకుపోయాను.

దారిలో ఆమె ఒక మాట అడిగింది. ఈ స్మృతి అంతా ఆ ఒక్క మాట కోసమే రాస్తున్నానేమో.

"పంతులూ, మెట్లెక్కితేనే పన్ను ఎందుకు నొస్తుంది? కూర్చుంటే ఎందుకు పోతుంది?"

నేను సైన్సు చెప్పే పంతుల్ని. ఆ ప్రశ్నలోనే జవాబుంది. మా తొమ్మిదో తరగతి పిల్లాడెవడైనా ఆ ప్రశ్న అడిగితే ఆగి ఆలోచించేవాణ్ణేమో. వదిన అడిగింది కాబట్టి ఆలోచించలేదు.

"పైన చల్లగాలి తగుల్తది కదా వదినా, అందుకే" అన్నాను.

ఆమె "అంతేనేమో" అంది.

పళ్ల డాక్టరు అన్ని పళ్లూ తట్టి చూశాడు. ఇదీ అని ఏదీ తేలలేదు. నొప్పి అక్కడే అని ఆమె వేలు పెట్టి చూపిస్తే పీకేశాడు. పీకిన పన్ను వెలుతురులో తిప్పి చూసి, "గట్టిగనే ఉంది, పుచ్చేం లేదు" అని గొణిగాడు. నేను విన్నాను. రిక్షాలో ఆమె దూది కొరికిపట్టుకొని కూర్చుంది. నా భార్య దగ్గరికి త్వరగా వెళ్లాలి, పసిబిడ్డకు నీళ్లు పొయ్యాలి అని చేతులతో సైగ చేసింది.

ఆ తర్వాత కూడా నొప్పి వచ్చిందని ఇప్పుడు తెలిసింది. చావుకు వచ్చిన బట్టలుతికే ఆమె ఏడుస్తూ చెప్పింది. వదిన ఆమెతో, "పన్ను పీకించుకొని కూడా పన్ను నొప్పంటే నవ్వుతారే, ఎవరికీ చెప్పకు" అన్నదట. కాలువ గట్టు మీద పది అడుగుల దూరం ఇరవై అయిందని, ఇరవై యాభై అయిందని అన్న చెప్పాడు. ఆయన వెనక్కి తిరిగి "జల్ది రా, ఎండెక్కుతది" అని కేకేసేవాడు. ఆమె చెయ్యి ఊపేది, మీరు నడవండి అని.

చివరి రోజు పొద్దున ఆమె నడకకు రాలేనంది. "కడుపులో తిప్పుతోంది, పైత్యం చేసినట్టుంది. మీరు మాత్రం మానొద్దు" అని ఆయనను పంపింది. ఆయన తిరిగి వచ్చేసరికి వంటింటి గుమ్మానికి ఆనుకొని కూర్చొని ఉంది. జాకెట్టు చెమటతో తడిసిపోయింది. పక్కన వాంతి. మా అమ్మ జీలకర్ర నీళ్లు తాగిస్తున్నది. తొమ్మిదేళ్ల కింద హమాలీలు ఆయనను ఎక్కించినట్టే జీపులో ఎక్కించారు. ఆయన ఒళ్లో తల పెట్టుకుంది. దవాఖాన గేటు కనబడుతుండగా, "పొయ్యి మీద పప్పు ఉంది" అన్నదట. లోపలికి తీసుకుపోయేసరికి ఏమీ మిగల్లేదు.

నేను గుమాస్తాతో వెళ్లేటప్పటికి ఆమెను నడింట్లో పడుకోబెట్టారు. మా అమ్మకు చూపు ఆనదు. తడుముకుంటూ వచ్చి కోడలి పాదాలు పట్టుకొని కూర్చుంది. "నా కొడుకును నాకు మిగిల్చి నువ్వు పోతివా బిడ్డా. నిన్ను ఎన్ని మాటలంటిని" అని అదే మాట సాయంత్రం దాకా అంటూనే ఉంది. అన్న ఏడవలేదు. ఎవరేం అడిగినా, "నేనెనకకు తిరిగి సూసిన. సూసి గూడ నడిసిన" అంటున్నాడు.

పన్నెండో రోజు కార్యం అయ్యాక నన్ను వెంటబెట్టుకొని అన్న హైదరాబాదు వెళ్లాడు. డాక్టరు జుట్టు పండింది. మమ్మల్ని చూడగానే అలవాటుగా మా వెనక తలుపు వైపు చూశాడు. విషయం చెప్పాం. ఆయన ఒక్కొక్కటిగా అన్నీ అడిగాడు. ఆయాసం, అలసట, దవడ నొప్పి, మెట్లు, పన్ను, వాంతి. వాళ్ల అమ్మ, వాళ్ల అక్క.

"అది పన్ను కాదు" అన్నాడు. "ఆడవాళ్లలో ఛాతీ నొప్పే రావాలని లేదు. దవడ లాగుతుంది, వీపు నొస్తుంది, ఆయాసం, కడుపులో తిప్పడం. ముట్లుడిగాక వాళ్లకూ మగవాళ్లలాగే కొవ్వు పెరుగుతుంది." కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు. "తొమ్మిదేళ్లు ఆమె ఈ గదిలోకి వచ్చింది. ప్రతిసారీ నన్ను పది ప్రశ్నలు అడిగింది. నేను ఆమెను ఒక్కటి కూడా అడగలేదు."

అన్న బల్ల అంచు పట్టుకొని లేచాడు. "మా ఇంట్ల ఇంక ఆడోళ్లున్నరు డాక్టర్‌సాబ్" అన్నాడు.

మరుసటి వారమే వాళ్లను తీసుకొచ్చాడు. త్రిపురారంలో ఇచ్చిన కూతురు, నా భార్య, చూపులేని మా అమ్మ, బట్టలుతికే ఆమె కూడా. "నాకేమైంది బావా, గుండ్రాయిలా ఉన్నాను" అని నా భార్య మొరాయించింది. "గామె గూడ గట్లనే అన్నది" అన్నాడు అన్న. ఆ మాటతో ఆమె చెప్పులు తొడుక్కుంది.

రాత్రి నుంచి ఏమీ తినకుండా రావాలన్నారు. రక్తం తీసే గది ముందు వరండాలో బల్ల మీద నలుగురూ వరసగా కూర్చున్నారు. ఒక్కొక్కరే వెళ్లి వచ్చారు. మోచేతి మడతలో దూది పెట్టుకొని చెయ్యి మడిచి పట్టుకున్నారు. ఆకలికి మొహాలు వాడిపోయాయి. అన్న ఎటో పోయాడు. వచ్చేటప్పుడు చేతుల్లో ఇడ్లీ పొట్లాలున్నాయి. ఇంట్లో ఎన్నడూ చెంబుతో నీళ్లు ముంచుకోని మనిషి, నేల మీద గొంతుక్కూర్చొని ఆకులు విప్పి, చట్నీ సర్ది, ఒక్కో పొట్లం ఒక్కొక్కరి ఒళ్లో పెట్టాడు. అమ్మకు తన చేత్తో ముక్క తుంచి నోటికందించాడు.

అన్నకన్నా ముందు తినడం వాళ్లకు చేతకావడం లేదు. ఒకరి మొహం ఒకరు చూసుకుంటున్నారు. బట్టలుతికే ఆమె పొట్లం మీద చెయ్యి పెట్టుకొని కూర్చుంది. కూతురు తుంచిన ముక్క నోటిదాకా తెచ్చి ఆగింది.

"నువ్వు తిన్నవా నాయినా?"

"మీరు తినుండ్రి బిడ్డా" అన్నాడు. "నేను సూస్త."

వాళ్లు తినడం మొదలుపెట్టారు. ఆయన అక్కడే, వచ్చేపోయే కాళ్ల మధ్య, తల ఎత్తి నలుగురి మొహాలూ మార్చి మార్చి చూస్తూ కూర్చున్నాడు.